హుండీ నుండి వేలిముద్ర వరకు: వలస నేతకార్మికుడు, కొత్త సాంకేతికత, నమ్మకం

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామికవాడను ఆనుకొని బమ్రోలి అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడు పల్లె, నేడు మరమగ్గాల షెడ్లతో, కార్మికుల అద్దె గదులతో నిండిన బస్తీ. ఇక్కడా, దగ్గరలోని ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లోనూ ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రలనుండి వచ్చిన కార్మికుల మధ్య తెలుగు మాట కూడా వినిపిస్తుంది. నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, చేతిమగ్గం గిట్టుబాటు కానప్పుడు షోలాపూర్, భీవండి, బొంబాయిలతోపాటు సూరత్‌కూ తరలివెళ్లాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడ తెలుగువారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ కార్మికునికి కూలి మీటరు లెక్కన వస్తుంది. పన్నెండు గంటల పాళీలో సాంచెలు ఎంత బట్ట దించితే అంత డబ్బు. ఆ డబ్బులో కొంత తన తిండికి, గదికి పోతుంది. మిగిలినది వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి చేరాలి. మధ్యలో ఉన్నవాళ్లు ఎవరు? వాళ్లను అతడు ఎందుకు నమ్మాలి? ఖాతాదారుని నమ్మకం పొందడానికి కొత్త సాంకేతికతను ఎలా వాడాలి అన్నది నేడు బ్యాంకులు, కంపెనీలు తరచుగా చర్చించే విషయం. కాని ఈ ప్రశ్న కంప్యూటరుతో పుట్టలేదు. సూరత్‌లోనే దానికి కనీసం నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఈ ప్రసంగంలో క్రమంగా పరిశీలిద్దాం.

హుండీ: కాగితంమీద నమ్మకం

హుండీ అనగానే మనకు గుడిలో కానుకలు వేసే పెట్టె గుర్తుకువస్తుంది. వర్తకుల భాషలో హుండీ వేరు. ఒక ఊరి షావుకారు మరో ఊరిలోని తన భాగస్వామికి “ఈ పత్రం తెచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లించండి” అని రాసిచ్చే ఉత్తరువు అది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, 1613లో సూరత్‌లోనూ స్థావరాలు ఏర్పరచుకునే నాటికే మన దేశంలో హుండీల వ్యవస్థ బలంగా ఉంది. గోల్కొండ, బుర్హాన్‌పూర్‌ల మీదుగా సాగే దారి ఆంధ్ర తీరాన్ని సూరత్‌తో కలిపేది. ఆ కాలంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే వేర్వేరు నగరాలమధ్య హుండీల మారకపు రేట్లను తన యాత్రాగ్రంథంలో నమోదు చేశాడు. సూరత్ షావుకారు వీర్జీ వోరా ఇంగ్లీషు కంపెనీకే అప్పులిచ్చిన ధనికుడు.

హుండీలోని ఏర్పాట్లు గమనించండి. దర్శని హుండీని చూపిన వెంటనే చెల్లించాలి; ముద్దతీ హుండీని గడువు తీరాక చెల్లించాలి. షాజోగ్ హుండీ సొమ్మును బజారులో పేరున్న ‘షా’కు, అంటే పరువుగల వర్తకునికి మాత్రమే ఇవ్వాలి. దొంగిలించినవాడు తెచ్చి చూపితే సొమ్ము రాదు. మనిషి ఎవరో తేల్చుకున్నాకే చెల్లించడమనే ఈ పద్ధతినే నేటి బ్యాంకులు మరో రూపంలో పాటిస్తున్నాయి. హుండీ పోతే ‘పేఠ్’ అనే రెండవ ప్రతి, అదీ పోతే ‘పర్‌పేఠ్’ అనే మూడవ ప్రతి రాసిచ్చేవారు. అంటే పొరపాటు జరిగితే ఏమి చేయాలో ముందుగానే నిర్ణయించిపెట్టారు. నమ్మకానికి ఇది మొదటి సూత్రం.

అయితే హుండీ వర్తకుల మధ్య నడిచిన సాధనం. బజారులో పేరులేని కూలివానికి దానిలో చోటులేదు.

మనియార్డరు: పేదవాని రసీదు

ఆ చోటును ఇచ్చింది తపాలా శాఖ. 1880లో మన దేశంలో తపాలా కార్యాలయాల ద్వారా మనియార్డరు మొదలైంది. పంపేవానికి ఖాతా అవసరం లేదు, సిఫారసు అవసరం లేదు; ఫారం నింపి సొమ్ము కడితే చాలు. పోస్టుమాను ఇంటి గుమ్మంలోకి వచ్చి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఫారం అడుగున రెండు మాటలు రాసుకోవడానికి చోటు ఉండేది. “పిల్లవాని ఫీజు కట్టండి”, “దసరాకు వస్తాను” వంటి కబుర్లు డబ్బుతోపాటు ఇల్లు చేరేవి. అన్నిటికంటే ముఖ్యమైనది తిరుగు రసీదు. తల్లి సంతకమో, వేలిముద్రో వేసిన ఆ చిన్న కాగితం పంపినవాని చేతికి తిరిగి వచ్చేది. డబ్బు ముట్టిందనడానికి అంతకుమించిన సాక్ష్యం ఏముంటుంది?

దీనికీ ఖరీదు ఉంది. చివరి దశాబ్దాల్లో ప్రతి 20 రూపాయలకు ఒక రూపాయి, అంటే నూటికి 5 రూపాయల కమిషను ఉండేది. వెయ్యి రూపాయలు పంపితే 50 రూపాయలు ఖర్చు. ఒకసారికి 5,000 రూపాయలు పరిమితి. చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పట్టేది. అందుకే చాలామంది ఊరికి వెళ్లే మనిషి చేతికి డబ్బిచ్చేవారు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం చెలరేగి లక్షలాదిమంది నగరం విడిచినప్పుడు, ఖాతాలేని కార్మికుని పొదుపు అతని ఒంటిమీద మూటలోనే ప్రయాణం చేయవలసిన స్థితి. తపాలా శాఖ 2008లో ఎలక్ట్రానిక్ మనియార్డరు ప్రవేశపెట్టింది. పాత పద్ధతి మనియార్డరు 2015లో ముగిసింది.

బ్యాంకు గుమ్మం

బ్యాంకులు లేకపోలేదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1981 నాటికే క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టిన తొలి భారతీయ బ్యాంకుల్లో ఒకటి. (ఈ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.) కాని అద్దె గదిలో నలుగురితో కలిసి ఉండే కార్మికునికి చిరునామా రుజువు లేదు. పాళీ ముగిసేసరికి బ్యాంకు మూసివేసి ఉండేది. పైగా ఆనాడు ఖాతా ఒక శాఖకు చెందినది. సూరత్ శాఖలో వేసిన డబ్బును నల్గొండ శాఖలో తీసుకోవడం సులభం కాదు. శాఖల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కోర్ బ్యాంకింగ్ 2000 దశకంలో విస్తరించాక ఖాతాదారుడు శాఖకు కాక మొత్తం బ్యాంకుకు చెందినవాడయ్యాడు. 2005 నవంబరులో రిజర్వు బ్యాంకు నెఫ్ట్ విధానాన్ని ప్రారంభించడంతో ఒక బ్యాంకునుండి మరో బ్యాంకుకు సొమ్ము పంపడమూ తేలికయింది.

సాంకేతికత ఉంటే నమ్మకం దానంతట అదే వస్తుందా? రాదు. 1994లో ప్రారంభమైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన కొత్తతరం బ్యాంకు. ఆధునిక సేవలకు పేరు పొందింది. కాని మొండి బకాయిలు పేరుకుపోయి 2004 జూలై 24న మారటోరియం విధించవలసి వచ్చింది. ఆగస్టులో దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం చేసి డిపాజిటర్లను కాపాడారు. అప్పు ఇవ్వడంలో జాగ్రత్త లోపిస్తే కంప్యూటర్లు ఏ బ్యాంకునూ రక్షించలేవని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఊరిలోనే బ్యాంకు: స్మార్ట్ కార్డు ప్రయోగం

2006 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ముఖ్యమైన అనుమతి ఇచ్చింది. బ్యాంకులు తమ తరఫున ఊళ్లలో ప్రతినిధులను నియమించుకోవచ్చు. దీని ఆధారంగా నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు చెల్లించడానికి వేలిముద్రలతో కూడిన స్మార్ట్ కార్డులు ప్రవేశపెట్టింది. తొలి ప్రయత్నాలకు వేదిక వరంగల్ జిల్లా. సూరత్‌కు మగ్గం పనివారిని పంపిన జిల్లాల్లోనే ఈ ప్రయోగం జరగడం గమనార్హం. 2007లోనే కెన్యాలో ఎం-పేసా ప్రారంభమై, పట్నంలోని కూలివారు మొబైలు ద్వారా పల్లెకు డబ్బు పంపే మార్గం తెరిచింది. ప్రపంచమంతటా అదే ప్రశ్నకు జవాబు వెతుకుతున్న కాలమది.

ఈ విధానం పనిచేసే తీరు సరళమైనది. ఊరిలోనే ఉండే ఒక వ్యక్తి, సాధారణంగా స్వయంసహాయక బృందానికి చెందిన చదువుకున్న మహిళ, చిన్న యంత్రంతో కూర్చుంటుంది. లబ్ధిదారు కార్డు పెట్టి వేలు ఆనిస్తే, కార్డులో ఉన్న ముద్రతో యంత్రం పోల్చి చూస్తుంది. సరిపోతే డబ్బు ఇచ్చి రసీదు ముద్రిస్తుంది. చెల్లింపు వివరాలను తెలుగులో పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా ఉండేది. చదువురాని అవ్వకు రసీదుకంటే ఆ మాటే పెద్ద రుజువు. ఎంత వచ్చిందో ఆమె చెవులారా వింటుంది, పక్కనున్నవారూ వింటారు. నేడు కిరాణా దుకాణాల్లో “డబ్బు అందింది” అని చెప్పే పెట్టెలది కూడా ఇదే సూత్రం.

ఈ ప్రయోగాన్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు నల్గొండతో సహా 8 జిల్లాల్లోని 157 మండలాల్లో అధ్యయనం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి త్వరగా, క్రమంగా అందింది. మధ్యలో సొమ్ము కాజేయడం తగ్గింది. కూలీలకు ఆదా అయిన సమయం విలువే ప్రభుత్వం పెట్టిన ఖర్చుకు సమానమని వారు లెక్కకట్టారు. ఇక్కడ నేర్చుకోవలసినదేమిటంటే, ఫలితమిచ్చినది యంత్రం ఒక్కటే కాదు. ఊరికి తెలిసిన మనిషి, తెలిసిన భాష, చేతికి వచ్చే రుజువు ఆ యంత్రానికి తోడయ్యాయి.

ఫోనులోకి వచ్చిన డబ్బు

2010 సెప్టెంబరు 29న, గుజరాత్ సరిహద్దుననున్న మహారాష్ట్ర నందుర్బార్ జిల్లాలోని టెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చారు. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ పథకం మొదలైంది. చిరునామా లేని వలస కార్మికునికి ఖాతా తెరుచుకుంది. 2016 ఏప్రిల్ 11న యూపీఐ ప్రారంభమైంది. జపాన్‌లో 1994లో మోటారు విడిభాగాల లెక్క కోసం డెన్సో వేవ్ సంస్థ రూపొందించిన క్యూఆర్ గుర్తు మన టీ బడ్డీకి చేరింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్లకు పైగా యూపీఐ చెల్లింపులు జరిగాయి. బమ్రోలి గదినుండి నల్గొండ పల్లెకు డబ్బు క్షణాల్లో చేరుతుంది. నూటికి 5 రూపాయల కమిషను లేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్‌లో కార్మికులు తమను ఊళ్లకు పంపమని వీధుల్లోకి వచ్చారు. 1994కూ దీనికీ ఒక తేడా ఉంది. ఈసారి ఖాతా, ఫోను ఉన్నవానికి ఊరినుండి కూడా డబ్బు పంపగలిగే దారి ఉంది. అయితే ఆగిపోయిన కూలిని ఏ ఫోనూ తెచ్చివ్వలేదు.

కొత్త నీడలు

వేలిముద్రను తాళంచెవి చేసుకున్నాక దానిని దొంగిలించేవారూ వచ్చారు. భూమి రిజిస్ట్రేషన్ పత్రాలమీది వేలిముద్రలనుండి నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులకు వాడిన ఉదంతం 2018లో తెలంగాణలో బయటపడింది. తాళంచెవి పోతే తాళం మార్చవచ్చు, వేలును మార్చలేము. అలాగే దశాబ్దాలుగా రాట్నం, నూలు, మట్టి పనులు చేసిన చేతుల గీతలు అరిగిపోయి యంత్రం గుర్తించకపోవచ్చు. జీవితమంతా పనిచేసినందుకే తన డబ్బు తనకు అందకపోవడం కంటే అన్యాయం ఏముంటుంది? అటువంటివారికి వేరే మార్గం తప్పక ఉండాలి.

అందుకే చట్టం, నియమం కూడా సాంకేతికతలో భాగమేనని గ్రహించాలి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు, తన తప్పులేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా బయటివారి మోసానికి గురైన ఖాతాదారుడు మూడు పనిదినాల్లో తెలియజేస్తే అతనిపై భారం ఉండరాదని ఆదేశించింది. 2019 సెప్టెంబరులో, విఫలమైన చెల్లింపును గడువులోగా తిరిగి జమచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని నిర్ణయించింది. సైబరు మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయవచ్చు. హుండీకి ‘పేఠ్’ ఉన్నట్లే ఇవి నేటి కాలపు రెండవ ప్రతులు. కాని ఈ హక్కులున్నాయని తెలియనివానికి అవి లేనట్లే.

ముగింపు

ఈ నాలుగు శతాబ్దాలనుండి మూడు విషయాలు స్పష్టమవుతాయి. ఒకటి, డబ్బు చేరిందని తానే చూసి, విని, తెలుసుకోగలిగినప్పుడు మనిషి నమ్ముతాడు. రెండు, పొరపాటు జరిగినప్పుడు జవాబు చెప్పే మనిషి ఉన్నప్పుడు ఆ నమ్మకం నిలుస్తుంది. మూడు, అది అతని భాషలో జరిగినప్పుడు గౌరవంగా మారుతుంది. సాధనం కాగితమైనా, యంత్రమైనా, రేపు రాబోయే కృత్రిమ మేధ అయినా కొలమానం ఇదే.

విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. మీ ఇంట్లో, ఇరుగుపొరుగులో వలస వెళ్లినవారు ఉంటే, వారు వేర్వేరు కాలాల్లో ఇంటికి డబ్బు ఎలా పంపారో అడిగి రాసుకోండి. పాత మనియార్డరు రసీదులు ఉంటే భద్రపరచండి. రాజుల శాసనాలు ఎంత చరిత్రో, వేలిముద్ర వేసిన ఆ కాగితపు ముక్కలూ అంతే చరిత్ర. ఆ పని చేస్తూ మీ ఇంటి పెద్దలకు 1930 నంబరు కూడా చెప్పండి.