అడవికి ఎరువు వేసిందెవరు?

నల్లమల కొండల మీద నేల మందంగా ఉండదు. గడ్డపార దింపితే చాలాచోట్ల మూరెడు లోతులోనే రాయి ఠంగుమంటుంది. అక్కడికి యూరియా కట్ట మోసినవాళ్లు లేరు, డీఏపీ చల్లినవాళ్లు లేరు, కాలువ నీళ్లూ లేవు. అయినా నల్లమద్ది, పెద్దేగి, టేకు, ఇప్ప, వెదురు ఏటేటా చిగురిస్తూనే ఉన్నాయి. కొండ దిగి మాచర్ల, వినుకొండ, యర్రగొండపాలెం దాటి తూర్పుకు నడిస్తే నల్లరేగడి మొదలవుతుంది. ఎంత తవ్వినా మట్టే. ఆ మట్టిలో మిరప, పత్తి పండాలంటే కట్ట మీద కట్ట గుమ్మరించాల్సి వస్తోంది. పలచటి నేల కడుపు నిండుగా ఉంది, లోతైన నేల ఆకలితో ఉంది. ఎందుకిలా?

మా హాస్టల్లో చెంచు, యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు కలిసి చదువుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి ఈ రెండు నేలలూ తెలుసు. సెలవుల్లో అడవి అంచు గూడేనికో తండాకో పోతారు, కోతల కాలంలో అమ్మానాన్నలతో మిరప చేలకు వస్తారు. అందుకే ఆదివాసీ దినోత్సవ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు ఈ ప్రశ్ననే ఎంచుకున్నాం. ఇది మట్టి చరిత్ర. మన చరిత్ర కూడా ఇందులోనే ఉంది.

రాలిన ఆకు ఎటు పోతుంది?

నల్లమలలో చలి తగ్గుతున్నప్పుడు ఆకు రాలడం మొదలవుతుంది. ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు మోడుల్లా నిలబడతాయి. ఆకు రాలేముందు పసుపు రంగుకు తిరుగుతుంది కదా, అప్పుడు చెట్టు ఆ ఆకులోని నత్రజనిలో, భాస్వరంలో దాదాపు సగాన్ని వెనక్కి లాక్కుని కొమ్మల్లో దాచుకుంటుంది. మిగిలిన సగంతో ఆకు నేల మీద పడుతుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పనికొచ్చే సామాను ముందే సర్దుకున్నట్టు చెట్టు సర్దుకుంటుంది.

పడిన ఆకును చెదలు కొరికి పుట్టల్లోకి మోస్తాయి. వానపాములు, బూజు, కంటికి కనపడని సూక్ష్మజీవులు మిగతా పని చేస్తాయి. జూన్‌లో తొలకరి పడగానే ఎండిన మట్టిలోని జీవం ఒక్కసారిగా మేలుకుంటుంది. కొద్ది రోజుల్లోనే మట్టిలోకి బోలెడు నత్రజని విడుదలవుతుంది. తొలి వానకు లేచే మట్టి వాసన మనందరికీ ఇష్టం. ఆ వాసన మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వచ్చేదే.

విడుదలైన ఆ పోషకాలను వాన నీళ్లు కడిగేయకముందే పట్టుకోవాలి. అందుకే చెట్టు తన సన్నటి వేళ్లలో ఎక్కువ భాగాన్ని పై జానెడు, మూరెడు మట్టిలోనే పరుస్తుంది. తల వెంట్రుక కంటే సన్నటి బూజు దారాలు ఆ వేళ్లకు అల్లుకుని, వేరు దూరలేని సందుల్లోకి పోయి భాస్వరం తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు తన ఆకుల్లో వండిన చక్కెరలో వాటికి వాటా పెడుతుంది. 1885లో జర్మనీ శాస్త్రవేత్త ఎ.బి. ఫ్రాంక్ ఈ పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టాడు. పెద్దేగి, సండ్ర, ఇరుగుడు వంటి చెట్ల వేళ్లకు ఇంకో చుట్టం ఉంది. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. కాయ జాతి చెట్లన్నిటికీ ఈ బుడిపెలు ఉంటాయనుకోవద్దు, చింతకు ఉండవు. ఇక రాతి పగుళ్లలోకి దిగిన లోతు వేళ్లు అడుగునున్న కాల్షియం వంటి ఖనిజాలను పైకి తెస్తాయి. అవి ఆకులోకి ఎక్కి, ఆకుతో పాటు మళ్లీ పై మట్టిలోకి చేరతాయి.

ఇంతే అడవి రహస్యం. ఎక్కడ తిన్నది అక్కడే తిరిగి పెడుతుంది. మట్టి పలచనైనా ఆ చక్రం తెగదు కాబట్టే ఆకలి లేదు.

అడవి నుంచి పొలానికి దారి

ఈ చక్రంలోంచి పల్నాడు రైతు కూడా తరతరాలుగా వాటా తీసుకున్నాడు. పొద్దున గొడ్లు అడవికి పోతాయి, గడ్డి, ఆకు మేస్తాయి. సాయంత్రం దొడ్డికి వస్తాయి. రాత్రి వేసిన పేడ పెంటకుప్పకు, అక్కడి నుంచి చేనుకు చేరుతుంది. అంటే అడవి వేళ్లు కూడబెట్టిన నత్రజని, భాస్వరం రోజూ సాయంత్రం నాలుగు కాళ్ల మీద నడిచి ఊరికి వచ్చేవన్నమాట. గొర్రెల మందను చేలో కట్టినా, పచ్చిరొట్ట కోసి మడిలో తొక్కినా జరిగేది అదే.

ఇలాంటి తీసుకుపోవడం ఒక్క మన దగ్గరే లేదు. జర్మనీలోని బవేరియాలో రైతులు పశువుల కింద పరుపుగా వేయడానికి అడవిలో రాలిన ఆకును ఊడ్చుకుపోయేవారు. ఎబర్మాయర్ అనే శాస్త్రవేత్త ఆ ఆకులో ఏమేం పోతున్నాయో తూచి, లెక్కగట్టి 1876లో పుస్తకం రాశాడు. ఏటేటా ఆకు ఊడ్చిన చోట మట్టి సారం తగ్గి చెట్ల ఎదుగుదల కుంటుపడుతుందని అందులో తేలింది.

ఇక్కడ 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులకు రిజర్వు హద్దులు పడ్డాయి. సర్కారుకు కలప కావాలి, రైతుకు మేత కావాలి. 1889లో ఇంగ్లండు నుంచి వచ్చిన వోల్కర్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త దేశమంతా తిరిగి 1893లో నివేదిక ఇచ్చాడు. వంటచెరకు దొరకక జనం పేడను పిడకలు చేసి కాలుస్తున్నారని, అందువల్ల పొలానికి ఎరువు కరువవుతోందని, ఊళ్ల దగ్గర వంటచెరకు, మేత కోసం ప్రత్యేకంగా అడవులు ఉంచాలని చెప్పాడు. మట్టి కడుపు నింపడంలో అడవికి పాత్ర ఉందని సర్కారు కాగితాల్లోకే ఎక్కిందన్నమాట.

అయినా అడవిలో గొడ్డు మేయాలంటే పుల్లరి కట్టాల్సిందే. 1921లో పల్నాడు రైతులు ఆ పన్ను కట్టం పొమ్మన్నారు. మాచర్ల ప్రాంతంలో అటవీ అధికారులకు సాయం చేయడం మానేశారు. ఆ ఉద్యమంలో జైలుకు పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే మాలపల్లి నవల రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు తూటాలకు కన్నెగంటి హనుమంతు నేలకొరిగారు. ఆయన త్యాగం గురించి మీరు బడిలో చదివే ఉంటారు. ఇప్పుడు ఇంకో కోణం నుంచి చూడండి. పుల్లరి అంటే గడ్డి మీద పన్ను. గడ్డి లేకపోతే గొడ్డు లేదు, గొడ్డు లేకపోతే పేడ లేదు, పేడ లేకపోతే పంట లేదు. పల్నాడు రైతు పోరాడింది తన చేని సారం కోసం కూడా.

మనం తీసుకున్నదెంత?

మరి అడవిలోనే బతికిన మన పెద్దలు ఏం తీసుకున్నారు? తేనె, తపసి బంక, ఇప్పపువ్వు, చింతపండు, గడ్డలు. తేనె, బంకల్లో ఉండేది దాదాపు అంతా చెట్టు గాలి నుంచి, నీటి నుంచి తయారు చేసిన తీపి, జిగురు. నేలలోంచి వచ్చిన నత్రజని, భాస్వరం వాటిలో బహు స్వల్పం. కుండెడు తేనె అడవి దాటిపోయినా మట్టి ఖాతాలో తరుగు కనపడదు. ఆకు, లేత కొమ్మ, బెరడు, పేడ అలా కాదు. ఖనిజాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. బండ్ల కొద్దీ ఆకు నరికితే, వేల గొడ్లు మేస్తే మట్టికి లోటు పడుతుంది.

గడ్డలు తవ్వేటప్పుడు తీగ మొదలును మళ్లీ గుంటలో పెట్టి మట్టి కప్పాలని చెంచు పెద్దలు పిల్లలకు నేర్పుతారు. మళ్లీ ఏడాది అక్కడే గడ్డ ఊరుతుంది. కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాద్ చెంచుల మధ్య తిరిగి హైమన్‌డార్ఫ్ 1943లో పుస్తకం ప్రచురించాడు. చిన్న చిన్న గుంపులుగా ఉంటూ, నీటిని బట్టి, కాలాన్ని బట్టి చోటు మార్చుకునే బతుకును అందులో చూడొచ్చు. ఒకేచోట తిష్ట వేయకపోతే ఏ ఒక్క చోటా నేల అలసిపోదు.

అలాగని మనవాళ్లు చేసిందంతా మేలేనని రాయడం చరిత్ర కాదు. ఇప్పపువ్వు ఏరడానికి తేలిగ్గా ఉంటుందని కొన్నిచోట్ల చెట్టు కింద ఆకుకు నిప్పు పెడతారు. ఆకు కాలితే అందులోని నత్రజనిలో చాలా భాగం పొగతో పాటు గాలిలో కలిసిపోతుంది. బూడిదలో పొటాష్, కాల్షియం మిగులుతాయి గానీ తొలకరి జోరుకు వాలు మీద ఆ బూడిద కూడా కొట్టుకుపోతుంది. పువ్వు రాలే ముందు ఆకును పక్కకు ఊడ్చి, ఏరుకున్నాక మళ్లీ మొదట్లోకి నెట్టేస్తే సరిపోయే పని అది.

కట్టల కాలం

1909లో హేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారు చేసి చూపాడు. 1913లో ఫ్యాక్టరీ మొదలైంది. చెట్టు వేరు బుడిపె నిశ్శబ్దంగా చేసే పనిని మనిషి పెద్ద వేడి మీద, పెద్ద ఒత్తిడి మీద చేశాడు. ఇవాళ మనం మోసే 45 కిలోల యూరియా కట్టలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. దానికోసం అడవికి గొడ్డును తోలే పని లేదు.

మన మైదానానికి ఆ కట్టలతో పాటు నీళ్లూ వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టను మార్చేసింది. పత్తి, మిరప విస్తరించాయి. ఊళ్లు బాగుపడ్డాయి, పక్కా ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. ఆ మేలు కాదనలేం.

కానీ మట్టి చక్రం తెగింది. పత్తి కట్టె పొయ్యిలోకి, మిరపకాయ యార్డుకు, గొడ్డు సంతకు పోయాయి. చేలోకి తిరిగి వచ్చే ఆకు లేదు, పేడ తగ్గింది. పత్తికీ మిరపకూ కూడా వేళ్లకు బూజు దారాల పొత్తు ఉంటుంది. భాస్వరం ఎరువు అతిగా పోస్తే మొక్క ఆ పొత్తును తగ్గించుకుంటుంది. తేరగా దొరుకుతుంటే చక్కెరలో వాటా పెట్టడం దేనికి? నత్రజని అతిగా పడితే ఆకు లేతగా, రసభరితంగా పెరిగి రసం పీల్చే పురుగులను పిలుస్తుంది. 1980లలో గుంటూరు, ప్రకాశం పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. మళ్లీ మళ్లీ ఒకే పంట, మళ్లీ మళ్లీ అవే మందులు, దోమను తినే పురుగులు కూడా చచ్చిపోవడం, అప్పు. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలతో ఈ రెండు జిల్లాల పేర్లు దేశమంతా వినపడ్డాయి.

ఆ చేలల్లో మందు కొట్టినవాళ్లలో, పత్తి తీసినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఇప్పటికీ మిరప కోతల కాలం వస్తే మా హాస్టల్లో కొన్ని మంచాలు ఖాళీ అవుతాయి. కూలి డబ్బు ఇంటికి అవసరమే, మేము తప్పు పట్టం. కానీ పరీక్షల ముందు నెల పోగొట్టుకున్న పిల్లకు ఆ నెల తిరిగి రాదు.

లెక్క మన చేతిలో ఉండాలి

2016 నుంచి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నడుస్తోంది. జీవామృతం కలిపేటప్పుడు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండితో పాటు రసాయనాలు పడని గట్టు మీది మట్టో చెట్టు కింది మట్టో ఒక గుప్పెడు వేయమంటారు. ఇంత చదువు, ఇంత ఖర్చు తర్వాత మైదానం మళ్లీ చెట్టు కింది గుప్పెడు మట్టి దగ్గరికి వచ్చింది. ఆ మట్టి విలువ మనకు ముందే తెలుసు. తెలిసిన దాన్ని పదిమందికి అర్థమయ్యేలా చెప్పగలగడం ఇప్పుడు కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది ఎందుకు ముఖ్యమో వినండి. అడవి పాడైందన్న మాట వచ్చిన ప్రతిసారీ ముందుగా వేలు మనవైపే చూపిస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం మనకు సాగు భూమి మీద హక్కు ఒక్కటే ఇవ్వలేదు. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కు కూడా ఇచ్చింది. ఆ హక్కు అడగడానికి గ్రామసభలో లేచి నిలబడినప్పుడు మనం ఏం తీసుకున్నామో, ఏం వదిలామో లెక్క చెప్పగలగాలి. కోపం ఒక్కటే ఉంటే ఆ సభలో మాట నిలవదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ గూడెం దగ్గర ఒక పెద్ద చెట్టు కింద ఆకును మెల్లగా తొలగించి చూడండి. పైన ఎండుటాకు, దాని కింద చివికిన ఆకు, ఇంకా కింద నల్లటి మట్టి, అందులో తెల్లటి బూజు దారాలు, సన్నటి వేళ్లు కనపడతాయి. తర్వాత మిరప చేలో అంతే చోటు తవ్వి చూడండి. రెండిటి తేడా నోటుబుక్కులో రాయండి. తాతనో అమ్మమ్మనో అడిగి ఆ చెట్టు పేరు, ఏ నెలలో ఆకు రాలుస్తుందో, దాని నుంచి ఇంటివాళ్లు ఏం తెచ్చుకునేవారో పక్కన చేర్చండి. చూశాక ఆకును మళ్లీ కప్పేయండి. అది ఆ చెట్టు వచ్చే ఏడాది తిండి.