నంది సీమలో కలుపు మొక్కలు, వానిని మేయు పురుగులు

నంది సీమ చరిత్ర యనగానే భోగనందీశ్వరాలయమును, 1791లో ఇంగ్లీషువారు పట్టుకొనిన నందిదుర్గమును జ్ఞప్తికి వచ్చును. రాజుల చరిత్రకు పరిశోధకులు పెక్కురు కలరు. చేనిగట్టున మొలచిన మొక్క చరిత్రకు అరుదు. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు రైతు నరికి నరికి విసిగిన పరదేశపు మొక్కలను పురుగులచే అణచు యత్నములు దక్షిణదేశమున రెండు శతాబ్దులుగా జరుగుచున్నవి. వానిలో ఏది ఫలించెను, ఏది ఫలింపలేదు, కారణమేమి యనునది ఈ వ్యాసమున విచారింపబడును.

మొదటిది నాగజెముడు. కన్నడిగులు దీనిని పాపాసుకళ్ళి యందురు. అమెరికా ఖండమునకు చెందిన ఈ మొక్క కంచెగా నాటబడి, క్రమముగా బీళ్ళను, బంజరులను ఆక్రమించెను. దానిని చంపిన పురుగు మనకు వచ్చిన విధము విచిత్రమైనది. ఎఱ్ఱరంగునిచ్చు కొచినీల్ పురుగుపై ఆనాడు స్పెయినువారికి గుత్తాధిపత్యముండెను. ఆ రంగును ఇచ్చటనే తీయవలెనని ఈస్టిండియా కంపెనీవారు ఆశించిరి. చెన్నపట్టణమున వైద్యుడైన జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో ఇందుకై జెముడుతోటను పెంచెను. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిలు నుండి పురుగులను కలకత్తాకు తెచ్చెను. కాని అవి మేలిరంగు జాతివి కావు. డాక్టిలోపియస్ సిలోనికస్ అను అడవిజాతివి. రంగు వ్యాపారము చెడినది. పురుగు మాత్రము ఉత్తరదేశమున ఒక జాతి నాగజెముడును తుడిచిపెట్టెను. దీనిని గమనించి 1836-38 నడుమ ఆ పురుగును దక్షిణమునకు తెచ్చి వదలిరి. కలుపును అణచుటకై బుద్ధిపూర్వకముగా పురుగును తరలించుట లోకమున ఇదియే మొదటిదని శాస్త్రజ్ఞులందురు.

అయినను పని సగమే అయ్యెను. ఆ పురుగు ఓపన్షియా మొనకాంత జాతిని తినెను గాని, దక్షిణమున దట్టముగా నల్లుకొనిన దిల్లేనీ జాతిని ముట్టలేదు. మరి తొంబదేండ్లకు, 1926లో, సింహళము నుండి డాక్టిలోపియస్ ఓపన్షియే అను వేరు జాతి వచ్చెను. తెల్లని దూదివంటి మైనము కప్పుకొని, మట్టకు అంటుకొని రసమును పీల్చుట దాని స్వభావము. అయిదారేండ్లలో దక్షిణదేశమున దాదాపు 40,000 హెక్టార్ల నేల విముక్తమైనదని లెక్కించిరి. ఆస్ట్రేలియాలో ఇట్టి మేలు చేసిన కాక్టోబ్లాస్టిస్ అను పురుగు పేర, క్వీన్స్‌లండు రైతులు 1936లో ఒక స్మారక భవనమునే కట్టిరి. మనవారిలో ఈ పురుగు పేరెరిగినవారే అరుదు.

రెండవది లంటానా, తెలుగువారు తలంబ్రాల చెట్టందురు. 19వ శతాబ్ది ఆరంభమున కలకత్తా తోటకు పూల అందమునకై తేబడిన ఈ పొద, నేడు 1,478 మీటర్ల ఎత్తుగల నందికొండ వాలులను సైతము కప్పుచున్నది. 1902లో ఆల్బర్ట్ కోబెలె మెక్సికో నుండి హవాయికి లంటానా పురుగులను పంపెను. మన దేశమున వై. రామచంద్రరావుగారు 1916-19 నడుమ భారత, బర్మా దేశములను గాలించి, లంటానాపై బ్రతుకు 148 రకముల కీటకములను గుర్తించిరి. పొదను అణచగలది ఒక్కటియు లేదు. 1921లో హవాయి నుండి గింజను తొలుచు ఈగను తెప్పించిరి, ఫలము స్వల్పము. 1941లో డెహరాడూనుకు ఆకునల్లి వచ్చెను. అది టేకుపూలను కూడ తినునేమో యను భయమున ఆ పెంపకమును నాశనము చేసిరి. అయినను తప్పించుకొనిన నల్లులు తరువాత బయట కనబడెను. అవి ఆకును మాడ్చినను వాన కురిసిన వెంటనే పొద చిగిర్చును. తోటలలో సంకరమై పుట్టిన లంటానాకు రకములనేకము. ఒకే పురుగునకు అన్నియు రుచింపవు.

మూడవది వయ్యారిభామ. 1950ల నడుమ పూనాలో గుర్తింపబడి, దేశమంతట ప్రాకి, చర్మవ్యాధులకును ఉబ్బసమునకును మూలమైనది. బెంగుళూరు చెంతనున్న హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థలో కె.పి. జయంత్ ప్రభృతులు 1983లో మెక్సికో నుండి జైగోగ్రామా అను పెంకుపురుగును తెప్పించి, పరీక్షించి, 1984లో వదలిరి. 1988 నాటికి బెంగుళూరు పరిసరములలో మొక్కలు ఆకులు లేక మోడువారెను. 1991లో కర్ణాటకమున అది పొద్దుతిరుగుడు ఆకును కొరికినదని రైతులలో కలవరము పుట్టెను. ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. వయ్యారిభామ పుప్పొడి పొద్దుతిరుగుడు ఆకులపై రాలుటచే పురుగు మోసపోయి కొరికినదని పరిశోధనలో తేలినది. ఈ పురుగు వానకాలమున మేసి, ఎండకాలమున మట్టిలో నిద్రించును. కావున నందివంటి మెట్టసీమలో ఏడాదిపొడుగునను కాపలా కాయలేదు.

ఈ మూడు కథల సారమొక్కటే. పురుగు రుచిలోని పట్టుదలయే మన పంటలకు రక్ష. ఆ పట్టుదలయే దాని శక్తికి హద్దు. జాతి పేరు తెలియక తొంబదేండ్లు నిలిచిన పని, జాతి కుదిరిన అయిదారేండ్లలో ముగిసెను. కావున కొండవాలు లంటానాకు పురుగును నమ్మి కూర్చుండరాదు; కాయలు పండకముందే వేరుతో పెకలింపవలెను. వయ్యారిభామను పూయకముందే పెరుకవలెను. పెంకుపురుగు మేయుచోట పురుగుమందు చల్లరాదు. ఈ సీమలో పుట్టిన పెన్న, చిత్రావతులు దిగువ తెలుగునేలకు ప్రవహించునవి. వయ్యారిభామ విత్తనము నీటివెంట ప్రయాణము చేయును గనుక, ఇచ్చటి నిర్లక్ష్యము అచ్చటి రైతుకును కీడే.

సంఘసభ్యులకు ఒక విన్నపము: నాగజెముడు మాయమైన వైనమును తమ తాతలవలన వినిన పెద్దలు బాగేపల్లి, చింతామణి పల్లెలలో నుండవచ్చును. వారు చెప్పునది ఊరిపేరుతో వ్రాసియుంచుడు. కాగితముల కెక్కని ఈ చరిత్రకు వారి నోటిమాటయే ఆధారము.