దీనమ్మ, యేసుపాదం, సువార్తమ్మ: తెలుగు క్రైస్తవ నామాలు పాతబడిన తీరు

మన సంఘాల పాత బాప్తిస్మపు రిజిస్టర్లు తిరగవేసినవారికి కొన్ని పేర్లు పదేపదే ఎదురవుతాయి: దీనమ్మ, కృపమ్మ, సువార్తమ్మ, యేసుపాదం, ఆశీర్వాదం, దేవసహాయం, రాహేలమ్మ. నేడు బిడ్డకు పేరు పెట్టమని కాపరి వద్దకు వచ్చే తలిదండ్రులలో ఈ పేర్లు కోరేవారు అరుదు. "పాతకాలపు పేర్లండీ" అంటారు. ఆ మాట నిజమే గాని, అది సగం నిజమేనని మేము భావిస్తున్నాము.

విశ్వాసి పేరు మార్చుకొనవలెనన్న నియమం ఆదిసంఘంలో లేదు. పౌలు వందనములు చెప్పినవారిలో హెర్మే ఉన్నాడు (రోమా 16:14). అది గ్రీకు దేవత పేరే. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత పేరున్నది. విశ్వాసులు తమ బిడ్డలకు పౌలు, పేతురు అని పేర్లు పెట్టుకొంటున్నారని 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ దియొనూసియు వ్రాశాడు. తెలుగు నేలపై కూడా అంతే. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి (1803–1890) విష్ణునామంతోనే సువార్త ప్రకటించాడు. 1866లో బాప్తిస్మం పొంది ఒంగోలు ప్రాంతపు మాదిగలలో ఉద్యమానికి ఆద్యుడైన యెర్రగుంట్ల పేరయ్య, పేరయ్యగానే చరిత్రకెక్కాడు.

మరి పల్లెల్లో కొత్త పేర్లకు అంత ఆదరణ ఎందుకు కలిగింది? దీనికి జవాబు పాత పేర్లలో ఉన్నది. ముందు పుట్టిన బిడ్డలు దక్కని ఇంట, తరువాతి బిడ్డనైనా మృత్యువు చూడకుండా పోవాలని పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య అని పెట్టేవారు. ఈ ఆచారం ఒక్క కులానిది కాదు, అన్ని కులాల్లోనూ ఉన్నదే. అయితే మాల మాదిగ పల్లెల్లో పేరు ఏదైనా ఊరి పెద్దల నోట అది 'పెంటిగా', 'పుల్లిగా' అయ్యేది. ముసలివాడినైనా అంతే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందినది మనకు తెలిసినదే. అటువంటి సామూహిక ఉద్యమాల వెనుక పల్లెలకు బడులు వచ్చాయి, బడిలో హాజరుపట్టీ వచ్చింది. సంస్కృత విద్యకు దూరంగా ఉంచబడినవారి బిడ్డలు అందులో జ్ఞానరత్నం, సత్యానందం, దయామణి అయ్యారు. ఆ పేర్లను మిషనరీల బహుమానంగా మాత్రమే చూడటం సరికాదు. తమ బిడ్డను పూర్తి పేరుతో పిలవాలని ఆ తలిదండ్రులు కోరుకున్నారు. (దీనమ్మ మాత్రం చిక్కు పేరు. అది యాకోబు కుమార్తె దీనా పేరో, దీనత్వాన్ని తెలిపే తెలుగు మాటో రిజిస్టరు చూచి చెప్పలేము.)

ఆ గౌరవమే తరువాత గుర్తుపట్టే ముద్ర అయింది. విశ్వాసులలో అత్యధికులు మాల మాదిగలు కావడంతో పేరు చెబితే కులం చెప్పినట్లయింది. పట్టణంలో అద్దె ఇల్లు అడిగిన సువార్తమ్మకు ఇంటి యజమాని మరో ప్రశ్న వేయనవసరం లేదు. ఆపైన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలుగా పరిగణించరాదన్న షరతును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు గాని క్రైస్తవులకు సడలించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారు బి.సి. 'సి' వర్గంలో, ఒక్క శాతం రిజర్వేషన్‌లో మిగిలారు. అందుచేత ఒకే బిడ్డ సంఘంలో సమూయేలు, బడిలో సుధాకర్ అయ్యాడు. ఉద్యోగం వచ్చాక సమూయేలు అని పిలిచేవారు ఇంటివారే. వాడని పేరు పాతబడక ఏమవుతుంది?

సుబ్బమ్మ, వెంకయ్య కూడా పాతబడ్డాయి గదా అని కొందరనవచ్చు. నిజమే, 'అమ్మ', 'అయ్య' చివరగల పేర్లు తెలుగువారందరిలోనూ తగ్గాయి. అయితే సుబ్బమ్మ అన్న పేరును బట్టి ఇల్లు ఇవ్వనన్నవారు లేరు. ఇంకొక సంగతి గమనించండి. రాహేలమ్మ వద్దన్నవారే రేచల్ అంటే సంతోషిస్తారు. యోహాను వద్దు, జాన్ కావాలి. బైబిలు వ్యక్తి ఒక్కరే. మారినది పలుకుబడి: ఒకటి పల్లెది, మరొకటి కాన్వెంటుది. ఈ మొగ్గు కొత్తదేమీ కాదు. 1895లో వినుకొండలో పుట్టిన మహాకవి జాషువా పేరు సైతం తెలుగు బైబిలులోని యెహోషువను గాక ఇంగ్లీషు ఉచ్చారణనే అనుసరించింది. ఇప్పుడు వినిపించే బ్లెస్సీ, ప్రైసీ కూడా ఆ దారివే. కృపమ్మ మనవరాలు గ్రేస్ అయితే అర్థం మారలేదు, వినేవారి చూపు మారింది.

పేరు మార్చమని అడిగే యౌవనులను కాపరులు గద్దించడం మాకు న్యాయంగా తోచదు. వారు తప్పించుకొనజూస్తున్నది అమ్మమ్మ విశ్వాసాన్ని కాదు, లోకం వేసిన ముద్రను. ఒనేసిము అన్నది దాసులకు పెట్టే పేరు, 'ప్రయోజనకరుడు' అని దాని అర్థం. పౌలు ఆ పేరు మార్చలేదు; ఫిలేమోనుకు వ్రాస్తూ (11వ వచనం) దాని అర్థంతోనే వాదించి, అతణ్ణి సహోదరునిగా చేర్చుకొమ్మన్నాడు. ఇక్కడ మారవలసివచ్చినవాడు పేరు గలవాడు కాదు, ఆ పేరు పిలిచే యజమాని.

విద్యార్థులకు ఒక మనవి. పాత రిజిస్టర్లను తిరిగి వ్రాసేటప్పుడు దీనమ్మను డీనాగా, సమూయేలును శామ్యూల్‌గా 'సవరించకండి'. బడి పేరు తెలిస్తే పక్కన చేర్చండి. ఆ రెండు పేర్లు ఒకే మనిషివని చెప్పే కాగితం చాలా కుటుంబాలకు సంఘపు రిజిస్టరు తప్ప మరొకటి లేదు.