అమృత్‌సర్ గుడారాలు

చాలా ఏళ్ళ క్రితం మా సంఘం తరఫున ఒక ఊళ్ళో భూతవైద్యం మీద సభ పెట్టాం. కత్తికి రసాయనం పూసి, కోసిన నిమ్మకాయలోంచి 'రక్తం' తెప్పించాను. చప్పట్లు బాగానే కొట్టారు. అయిపోయాక ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, ఆయన దొంగేననుకుందాం. మా కోడలు రెండు నెలల్నించీ మంచం దిగట్లేదు. నువ్వు రేపొస్తావా?" అనడిగింది. బస్సుకి టైమైందని చెప్పి వచ్చేశాను.

ఆ ప్రశ్న వెంటాడుతుంటే పాత చరిత్ర తిరగేశాను. దేశవిభజన తర్వాత, 1950లో, భారత్ పాకిస్తాన్‌లు మానసిక రోగుల్ని కూడా పంచుకున్నాయి. (మంటో 'తోబా తేక్ సింగ్' కథ దీనిమీదే.) లాహోర్ నుంచి చాలామంది అమృత్‌సర్ ఆసుపత్రికి చేరారు. అక్కడి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆ దశకంలో ఒక పని చేశాడు. ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్ళనీ ఉండమన్నాడు. అప్పటిదాకా రోగిని గోడల వెనక వదిలేసి వెళ్ళిపోవడమే రివాజు. ఇప్పుడు తిండీ, స్నానమూ ఇంటివాళ్ళే చూసుకునేవారు. జబ్బేమిటో డాక్టరు నోటే వినేవారు. 1957 నుంచి వెల్లూరు సి.ఎం.సి.లోనూ కుటుంబాన్ని ఉంచుకునే వైద్యం మొదలైంది.

"దీనికి రుజువేదీ?" అని మీరడుగుతారు. అడగాలి కూడా. గోవాలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరీక్షించారు. ఫలితాలు 2017లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. ఒక గుంపుకి మామూలు వైద్యంతోపాటు, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఆరు నుంచి ఎనిమిదిసార్లు కలిసి మాట్లాడారు. చెప్పింది పెద్ద విషయాలేం కాదు. మానేసిన పనుల్లో ఒకటి ఎంచుకో, ఫలానా వేళకి చెయ్యి, మళ్ళీ కలిసినప్పుడు ఎలా ఉందో చెప్పు. మూడు నెలలకి ఈ గుంపులో 64 శాతం మంది కోలుకున్నారు, రెండో గుంపులో 39 శాతం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది రోగులు కాలిపోయారు. మనం మూఢనమ్మకాన్ని తిట్టిపోశాం, తిట్టాల్సిందే. ఆ కుటుంబాలకి దగ్గర్లో వేరే చోటేముందో మాత్రం మనలో ఎంతమంది అడిగాం? నేనైతే అడగలేదు.

ఇప్పుడు మా సంచిలో నిమ్మకాయలతోపాటు కొన్ని కాగితాలూ ఉంటున్నాయి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఉండే రోజులూ, 2022లో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 వాటిమీద రాసిపెట్టాం. సభ జరిగిన రాత్రి ఆ ఊళ్ళోనే ఆగాలని నేను ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తోంది.