కొండయింటి లోపలి గోడ

విజయనగరము నుండి సాలూరు దిశగా పోవు బాటసారికి గజపతినగరము దగ్గర దృశ్యము మారుచుండును. చంపావతి పొలములు వెనుకకు జరుగుచుండగా పడమట తూర్పు కనుమలు నీలముగా దగ్గరపడును. ఈ బాటయే సాలూరు దాటి, ఘాటీ ఎక్కి, కోరాపుటు చేరును. ఈ కనుమలలోని పాత ఇండ్లను బాగుచేసికొని, వానిలో కొత్త వసతులు అమర్చుకొనవలెనను కోరిక నేడు బలపడుచున్నది. కోరిక మంచిదే. అయితే పాత ఇంటిలో ఏది ఎందుకున్నదో తెలియనిదే దానిని మార్చబూనుట, భాష తెలియని ఉత్తరమును దిద్దుట వంటిది.

ముందుగా మైదానమును చూతము. శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము వరకు మన పెద్దలు కట్టుకొన్నది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, దానిపై ఇంచుమించు నేలను తాకునట్లు దిగిన తాటాకు కప్పు. తుపాను గాలికి ఎదురు నిలుచు మూలలు దానికి లేవు. గాలి చుట్టూ తిరిగి పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును దాటినప్పుడు ఎన్నో ఇండ్ల రేకులు ఎగిరిపోయినవి. ఆ దినమున చుట్టింటి తెలివి పలువురికి గుర్తుకు వచ్చి ఉండును.

ఇక కొండ మీదికి పోదము. గజపతినగరమునకు ఈశాన్యముగా, సీతంపేట కొండలలో సవరలు నివసించుచున్నారు. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. వారి పాత ఇల్లు పలకలుగా ఉండును గాని గుండ్రముగా ఉండదు. ఎత్తయిన అరుగు, రాయి మట్టి కలిపి కట్టి ఎర్రమట్టి పూసిన గోడలు, గడ్డికప్పు, వంగి దూరవలసిన ద్వారము. లోపల ఉన్నది ఒకటే గది. ఆ గదిలో కొంత మేర అటక, అటక కింద పొయ్యి.

మనకు అది చీకటి గదిగా తోచును. కాని ఆ గదిలో ప్రతి వస్తువునకు ఒక పని కలదు. పొయ్యి వెచ్చదనము అటక మీది ధాన్యమునకు చెమ్మ పట్టనీయదు. పొగ విత్తనములకు పురుగు చేరనీయక, వాసములకు చెద పట్టనీయక, గడ్డి సందులగుండా వెలుపలికి పోవును. ఆ పొగయే ఇల్లాలి కన్నులను, ఊపిరితిత్తులను బాధించుననుట కూడ సత్యమే. పాత ఇంటిని పొగడువారు ఈ రెండవ మాట మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది లోపలి గోడ. ఎర్రని గోడపై బియ్యపుపిండి నీటిలో పుల్లను ముంచి, పితరులకు, దేవతలకు నివాసముగా సవరలు బొమ్మలు వ్రాయుదురు. ఒడిశా వైపు దీనిని ఇడితాల్ అందురు. సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఏనుగులు, గుఱ్ఱములు, నాట్యమాడు జనము అందు కనిపింతురు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథములో ఈ చిత్రములను విస్తరించి వర్ణించినారు. రైలును, విమానమును, సైకిలును గూడ ఆ గోడ తనలో చేర్చుకొన్నది. కొత్తదనమును ఆ గోడ ఎన్నడును కాదనలేదు. దానిని తన పద్ధతిలో ఇముడ్చుకొన్నది.

గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించినారు. భాష ఆ విధముగా పుస్తకమునకు ఎక్కినది. గోడను ఏ బీరువాలో దాచగలము? ఇల్లు నిలిచినంత కాలమే గోడ నిలుచును.

మార్పు క్రమముగా వచ్చినది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషను వారు పెంకుల కర్మాగారము నెలకొల్పినారు. ఆ తీరు పెంకులకు మనవారు పెట్టుకొన్న పేరు బెంగుళూరు పెంకులు. విజయనగరము నుండి గజపతినగరము, బొబ్బిలి, పార్వతీపురముల మీదుగా రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తి అయినది. దూరపు సరకు దగ్గరకు వచ్చినది. కుమ్మరి చేసిన గూనపెంకు వెనుకబడి సీమపెంకు, దాని వెనుక ఇనుపరేకు, సిమెంటు రేకు, తుదకు స్లాబు వచ్చినవి. ప్రభుత్వపు గృహనిర్మాణ పథకములతో పక్కా ఇండ్లు కొండలకు చేరినవి. గడ్డికప్పు నిప్పుభయమును, ఏటేట కప్పు మార్చు శ్రమను అవి తప్పించినవి. ఈ మేలును తక్కువ చేయరాదు.

ఒక వానాకాలము మేము ఈ కొండలలోని ఒక రేకుల ఇంటిలో తల దాచుకొన్నాము. గృహస్థు ఆదరముతో రేడియో పెట్టినాడు. వాన ఆరంభమైనంతనే రేకుల చప్పుడులో వార్తలు, పాట, మా మాటలు అన్నియు మునిగిపోయినవి. గడ్డికప్పు కింద వాన చప్పుడు ఇంతగా వినబడెడిది కాదని అతడు నవ్వుచు సైగలతో తెలిపినాడు. మా వృత్తి మాటలతోనే గదా. ఆ నవ్వు మాకు నేటికిని జ్ఞాపకము.

మరి ఏమి చేయవలెను? ఇంగ్లండున 1917లో జన్మించిన లారీ బేకరు 1948 తరువాత సుమారు పదునైదేండ్లు హిమాలయములలోని పితోరాగఢ్ ప్రాంతమున నివసించినారు. ఆయన చదివి వచ్చిన వాస్తువిద్యకు కొండవారి రాతి, మట్టి, కలప పనులు కొత్త పాఠములైనవి. ఆ పాఠములతోనే ఆయన తరువాత కేరళలో, తక్కువ ఖర్చుతో ఎన్నో ఇండ్లు కట్టినారు. చెరుపుటకు ముందు చూడవలెననునది అందలి నీతి.

కనుక కొండయింటికి పొగగొట్టము అమర్చుడు. కప్పులో ఒకటి రెండు అద్దపు పెంకులు వేసి వెలుతురు రప్పించుడు. దీపము, నీరు, స్నానపుగది, మరుగుదొడ్డి తప్పక ఏర్పరచుడు. కాని మట్టిగోడకు సిమెంటు పూయకుడు. లోపలి చెమ్మ వెలుపలికి రాలేక ఆ పూత బోలుపడి ఊడిపోవును. మట్టికి మట్టియో సున్నమో సరిపడును. ఇక బొమ్మలున్న గోడ ఎదురైనచో, రంగుడబ్బా తెరువకముందు ఆ ఇంటివారిని అడుగుడు. మనకు గోడయైనది వారికి పూర్వుల నివాసము.

గుమ్మములో వంగుట మనకు కొంచెము కష్టమే. వంగి లోపలికి పోయినవారికే ఆ గోడ కనబడును.