అమెరికాలో ఊరి టెలివిజను

అమెరికా టెలివిజను చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఎన్.బి.సి., సి.బి.ఎస్., ఏ.బి.సి. అను మూడు మహాసంస్థలతో మొదలిడుదురు. వాని వైభవము కాదనరానిది. కాని ఆ దేశమున ప్రసారానుమతి మహాసంస్థలకు గాక ఒక్కొక్క పట్టణమునందలి కేంద్రమునకు విడివిడిగా నీయబడును. ఆ కేంద్రము ఆ పట్టణపు ప్రజల యవసరములను గమనింపవలెననునది అనుమతికి మూలమగు నియమము. ఈ నియమము ఎవరికి చెల్లినది, ఎవరికి చెల్లలేదు అనునదియే స్థానిక టెలివిజను చరిత్రలోని ముఖ్యవిషయమని నాకు తోచుచున్నది.

తొలిదినములలో ఊరి కేంద్రములకు స్వతంత్రముగా నుండుట తప్ప గత్యంతరము లేదు. తూర్పుతీరమునుండి పడమటితీరమునకు ప్రత్యక్షప్రసారము 1951లో గాని సాధ్యము కాలేదు. 1949 ఏప్రిలులో లాస్ ఏంజెలిస్ సమీపమున మూడేండ్ల బాలిక యొకతె పాడుపడిన గొట్టపుబావిలో పడగా, కే.టి.ఎల్.ఏ. కేంద్రమువారు ఆమెను వెలికిదీయు ప్రయత్నమును 27 గంటలసేపు ప్రత్యక్షముగా చూపిరి. బిడ్డ దక్కలేదు. ఆ పెట్టె వినోదమునకు మాత్రమే కాదని ఆ నగరవాసులకు అప్పుడు తెలిసినది.

ఇక సిండికేషను అనునది వేరొక పద్ధతి. మహాసంస్థల కార్యక్రమము ఒకేసారి అనేక పట్టణములకు పోవును. సిండికేషనులో చిత్రపుచుట్టలను ఒక్కొక్క కేంద్రమునకు విడివిడిగా నమ్మెడివారు. సిన్సినాటి నగరపు ఫ్రెడరిక్ జివ్ రేడియోలో నేర్చిన యీ వ్యాపారమును 1948లో టెలివిజనునకు తెచ్చెను. మహాసంస్థలకు చెల్లింపలేని ఊరి రొట్టెల వర్తకుడు సైతము వీని నడుమ తన ప్రకటన వేయించుకొనగలిగెను. 1950లో జివ్ 'సిస్కో కిడ్' కథలను రంగులలో తీయించెను. ఇండ్లలో రంగుల పెట్టెలే లేని కాలమది! నవ్వినవారు నవ్విరి గాని, రంగులు వచ్చిన పిదప ఆ చుట్టలు మరల ధర పలికెను.

1953లో బాల్టిమోరునందు క్లాస్టర్ దంపతులు ఆరంభించిన 'రాంపర్ రూమ్' అను శిశుపాఠశాల యింకను చిత్రమైనది. వారు కార్యక్రమపు పద్ధతిని అమ్మి, అనేక పట్టణములలో అక్కడి యుపాధ్యాయినినే నిలిపిరి. చివర ఆమె అద్దమువంటి చట్రముగుండ చూచి, తనకు కనబడిరని కొందరు బిడ్డలను పేరుపేరున పిలిచెడిది. తన పేరు వినబడునేమోయని కాచుకొనని బిడ్డ యుండునా?

పెద్దల విషయమున, ముఖ్యముగా స్త్రీల విషయమున, మార్పు ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణమునుండి వచ్చెను. 1967 నవంబరు 6వ తేదీని అచట ఫిల్ డొనహ్యూ తన కార్యక్రమమును ఆరంభించెను. మధ్యాహ్నపు స్త్రీలకు కన్నీటి కథలు, బహుమతుల ఆటలు చాలునని పెద్ద సంస్థలు తలచుచుండిన దినములవి. డేటనుకు సినిమాతారలు వచ్చెడివారు కారు. కావున విషయమునే తారగా చేయవలసివచ్చినది. తొలిదినపు అతిథి నాస్తికవాదియగు మాడలిన్ మరీ ఒహేర్. ఎదుట కూర్చున్న స్త్రీలు అంతకుముందున్న వినోదకార్యక్రమమునకై టిక్కెట్లు తీసికొన్నవారు. ప్రకటనల విరామములో వారడిగిన ప్రశ్నలు తన ప్రశ్నలకంటె మేలుగా నున్నవని డొనహ్యూ త్వరలోనే గ్రహించి, మైకు చేతబట్టుకొని వారి నడుమకు పోయెను. విడాకులు, గర్భస్రావము, స్త్రీల హక్కులు మొదలగు విషయములపై గృహిణులు పదిమంది యెదుట నిలిచి ప్రశ్నించుట అంతకుముందు ఎవరు చూచిరి? 1970 మొదలు ఈ కార్యక్రమము ఇతర పట్టణములకును అమ్ముడుపోయెను. అట్లే షికాగోలో డాన్ కొర్నీలియస్ 1970లో నల్లజాతి యువజనులకై ఆరంభించిన 'సోల్ ట్రెయిన్' మరుసటి యేడు దేశమునకు వ్యాపించి 2006 వరకు నడచెను.

అయినను ఊరిది యైనంతమాత్రమున ధర్మమగునని తలచుట పొరపాటు. మిసిసిపీ రాష్ట్రములోని జాక్సన్ పట్టణమున డబ్ల్యు.ఎల్.బి.టి. కేంద్రము స్థానికమైనదే. ఆ ప్రాంతపు ప్రేక్షకులలో నూటికి 45 మంది నల్లజాతివారు. వారి హక్కులను గూర్చిన కార్యక్రమము రాగా, తీగెలో లోపమని ప్రకటించి ఆ కేంద్రమువారు దానిని నిలిపిన సందర్భములు కలవు. 1964 మార్చిలో ఎవరెట్ పార్కర్ అను క్రైస్తవ మతాచార్యుని ప్రేరణచే స్థానికులు కొందరు తమ పేరులు గుప్తముగా నుంచుకొని, వారముదినములు టెలివిజను ముందు కూర్చుండి, చూచినదంతయు వ్రాసి పెట్టిరి. ఆ వ్రాతలే సాక్ష్యమయ్యెను. ప్రసారసంఘము మొదట వారికి వాదించు హక్కే లేదనెను. 1966లో అప్పీలు న్యాయస్థానము ప్రేక్షకులకు ఆ హక్కు కలదని తీర్పు చెప్పెను. 1969లో అనుమతి రద్దయ్యెను. 1972లో విలియం డిల్డే అను నల్లజాతీయుడు ఆ కేంద్రమునకే అధికారి యయ్యెను. ఇంటిలో కూర్చుండి శ్రద్ధగా వ్రాసిన కాగితములు ఇంతపని చేసెను.

ప్రభుత్వము తలపెట్టిన మేలు మాత్రము అనుకొన్నట్లు ఫలింపలేదు. ఊరి కార్యక్రమములకు చోటు కల్పింపవలెనని 1971 మొదలు పెద్ద పట్టణములలో సాయంకాలపు మహాసంస్థల ప్రసారమును మూడుగంటలకు పరిమితము చేసిరి. ఆ ఖాళీలోనికి ఊరి వార్తలకంటె బహుమతుల ఆటలే యెక్కువగా చొరబడెను. ఆటను కొనుట చౌక, ఊరి కార్యక్రమమును తయారుచేయుట ప్రియము. 1983లో సిండికేషనునకు వచ్చిన 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' పొందినంత ఆదరణ ఏ యూరి చర్చకు దక్కినది? షికాగో కేంద్రమునుండి ఓప్రా విన్‌ఫ్రీ 1986లో దేశమంతట వినబడుట ఈ యుగపు చివరి గొప్ప ఘట్టము. 1996లో మూడుగంటల నిబంధన తొలగెను. ఒకే యజమానికి ఇన్ని కేంద్రములకు మించరాదను లెక్కయు ఆ యేడే ఎత్తివేయబడెను. డేటనులో పుట్టిన డొనహ్యూ కార్యక్రమము నిలిచిపోయినదియు ఆ సంవత్సరముననే.