తెలుగు సినిమాలో మత్తు, దారితప్పిన యవ్వనం

మత్తుకు బానిసై తమను తామే చెరుపుకొనే యువకుల కథలు తెలుగు సినిమాలో ఏడు దశాబ్దాలుగా వస్తున్నా, వాటికంటూ ప్రత్యేకమైన ఒరవడి ఏర్పడలేదు. పాశ్చాత్య దేశాల్లో ఈ కథలు చాలావరకు ఇల్లు, బడి, వీధి చుట్టూ తిరుగుతాయి. తెలుగులో మాత్రం ఎక్కువగా విఫలప్రేమ చుట్టూనే తిరిగాయి. అందుకే మన తెరపై తాగడానికి కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తాగుడు మానడం మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

ఈ ధోరణికి మూలపురుషుడు దేవదాసు. శరత్ చంద్ర ఛటోపాధ్యాయ 1917 నాటి బెంగాలీ నవల ఆధారంగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా వారు తీసిన ‘దేవదాసు’ 1953లో విడుదలైంది. తాగుబోతు కళ్లు సహజంగా బరువెక్కి కనిపించాలని అక్కినేని నాగేశ్వరరావు సన్నివేశాలను రాత్రిపూట చిత్రీకరించారు. తెరమీద కనిపించే ఆ మగత నిద్రలేమిదే, మందుది కాదు. దాని ప్రభావం మాత్రం గట్టిగా పడింది. మాసిన గడ్డం, భుజాన శాలువా, చేతిలో సీసా, వెంట కుక్క: ఈ వేషం పెళ్లిపందిళ్ల హాస్యం దాకా పాకింది. తండ్రి మాటకు ఎదురు చెప్పలేకపోయిన కుర్రవాడి పిరికితనం మరుగున పడి, తాగుడు త్యాగానికి గుర్తుగా మిగిలింది. 1981లో దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో క్యాన్సర్ సోకిన కథానాయకుడు, ప్రియురాలు తనను అసహ్యించుకోవాలని తాగుబోతుగా నటిస్తాడు. తాగుడు అప్పటికి పూర్తిగా ప్రేమభాష అయిపోయింది.

మాదకద్రవ్యాలు పెద్ద తెరకు వచ్చింది హిందీ ద్వారా. దేవానంద్ ‘హరే రామ హరే కృష్ణ’ (1971) కాఠ్మాండూ హిప్పీల మధ్య తప్పిపోయిన చెల్లెలి కథ. గంజాయి పొగ వెనుక చెదిరిపోయిన కుటుంబాన్ని అది చూపించింది. పదేళ్ల తర్వాత జర్మనీలో ఉలి ఎడెల్ తీసిన ‘క్రిస్టియానె ఎఫ్.’ (1981) బెర్లిన్ రైల్వేస్టేషన్ చుట్టూ తిరిగే హెరాయిన్ బానిసలైన బడిపిల్లలను దాపరికం లేకుండా చూపింది. మత్తు దొరకనప్పుడు ఒళ్లు మెలికలు తిరగడం, వాంతులు, వణుకు అందులో దీర్ఘంగా సాగుతాయి. అలాంటి సన్నివేశం తెలుగులో వెతుక్కోవాల్సిందే.

టీనేజి కథల వెల్లువకు 2000లో తేజ ‘చిత్రం’ తెర తీసింది. కాలేజీ పిల్లల ప్రేమ, గర్భం, పెద్దల కోపం అన్నీ ఉన్నా మత్తు ఊసు లేదు. తర్వాత వచ్చిన కాలేజీ చిత్రాల్లో బీరు సీసా స్నేహానికి ఆనవాలుగా మాత్రమే వచ్చిపోయింది.

సినిమా తాకని మత్తుకు మెదక్ ప్రాంతంలో వేరే చరిత్ర ఉంది. ఇక్కడ సాయంత్రమైతే కల్లు దుకాణం దగ్గర మనుషులు చేరడం అనాదిగా ఉన్న అలవాటే. ఈత, తాటి చెట్ల నుంచి గీసిన కల్లు గిరాకీకి చాలనప్పుడు నీళ్లలో డైజోఫాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి ‘మందు కల్లు’గా అమ్మే వ్యాపారం పుట్టింది. అది తాగిన వాళ్లలో విఫలప్రేమికులు ఎంతమందో గాని, ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు, ఆడవాళ్లు కూడా. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీపై దాడులు ముమ్మరం చేయగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అసలు సంగతి బయటపడింది. మందు కల్లు దొరక్క చేతులు వణకడం, ఫిట్స్ రావడం, పొంతన లేకుండా మాట్లాడడం, తమవాళ్లనే గుర్తుపట్టకపోవడం మొదలైంది. చాలామందిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తరలించారు. తాగినంతకాలం మామూలుగా కనిపించినవాళ్లే మానేసరికి రోగులయ్యారు. ఈ మందుల స్వభావమే అంత: మెదడు వాటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. ఉమ్మడి మెదక్ జిల్లా 2016లో మూడు ముక్కలైనా సంగారెడ్డి వైపు పారిశ్రామికవాడల్లో గుట్టుగా అల్ప్రాజోలం తయారుచేస్తూ పట్టుబడిన కేసులు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి.

ఈ జిల్లా సినిమాకు కొత్త కాదు. ‘మా భూమి’ నిర్మాత, ‘దాసి’ దర్శకుడు బి.నర్సింగరావుది గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్. ‘మా భూమి’లో తెరపై పాడిన గద్దర్‌ది తూప్రాన్. అయినా మందు కల్లు మీద పేరు నిలిచే చిత్రం రాలేదు. బహుశా అందులో ప్రేమకథ లేకపోవడమే దాని లోపం.

2017 జూలైలో ఎల్‌ఎస్‌డీ, ఎండీఎంఏ ముఠా పట్టుబడి, ఎక్సైజ్ శాఖ ప్రత్యేక దర్యాప్తు బృందం తెలుగు సినీ ప్రముఖులను పిలిచి ప్రశ్నించింది. పేరున్న బడుల పిల్లలకూ ఆ సరుకు చేరిందన్న వార్త తల్లిదండ్రులను ఇంకా కలవరపెట్టింది. మరుసటి నెలలోనే, 25 ఆగస్టున, సందీప్ రెడ్డి వంగా ‘అర్జున్ రెడ్డి’ విడుదలైంది. తాగి శస్త్రచికిత్స చేసి, విచారణలో నిజం ఒప్పుకొని లైసెన్సు పోగొట్టుకున్న వైద్యుడి కథ అది. ఆ విచారణ ఘట్టం తెలుగు తెరపై మత్తుకు వృత్తిపరమైన మూల్యం కట్టింది. ఆ తర్వాత మాత్రం సినిమా పాతదారి పట్టింది: నానమ్మ పోయాక కథానాయకుడు తన పట్టుదలతోనే మామూలు మనిషవుతాడు. ఎర్రగడ్డలో 2015లో కనిపించిన దృశ్యానికీ దీనికీ పోలికే లేదు.

తరుణ్ భాస్కర్ ‘ఈ నగరానికి ఏమైంది’ (2018) పేరునే పొగతాగడంపై ప్రభుత్వం వేసే హెచ్చరిక ప్రకటన నుంచి తెచ్చుకుంది. హాల్లో జనం నవ్వుకునే ఆ వాక్యం ఒక తాగుబోతు కుర్రాడి కథకు తలకట్టు కావడం మంచి చమత్కారం. 2023లో శ్రీకాంత్ ఓదెల ‘దసరా’ సింగరేణి ప్రాంతపు ఊళ్లో సిల్క్ బార్ చుట్టూ కులం, ఎన్నికలు ఎలా అల్లుకున్నాయో చూపింది. మత్తును ఒంటరి మనిషి దుఃఖంగా కాక ఊరి వ్యవహారంగా చూసిన అరుదైన చిత్రం ఇది.

అదే ఏడాది పోలీసులు రంగంలోకి దిగారు. మాదకద్రవ్యాల సన్నివేశాలపై ‘బేబి’ చిత్రబృందానికి హైదరాబాద్ పోలీసులు నోటీసు ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో ‘గాంజా శంకర్’ అనే పేరుపై తెలంగాణ నార్కోటిక్స్ నియంత్రణ విభాగం అభ్యంతరం చెప్పింది. అంతకు ఇరవై ఏళ్ల క్రితం ‘గుడుంబా శంకర్’ అనే పేరు సరదాగానే చెల్లిపోయింది. 2024 జూలైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, టికెట్ ధర పెంచమని అడిగే నిర్మాతలు తమ తారలతో డ్రగ్స్, సైబర్ నేరాలపై చిన్న అవగాహన చిత్రం చేసివ్వాలని షరతు పెట్టారు. 2025 సెప్టెంబరులో క్రిష్ ‘ఘాటి’ తూర్పు కనుమల్లో గంజాయి మోసే కూలీల వైపు కెమెరా తిప్పింది. సరుకు పుట్టేచోటు తెరకెక్కింది. అది దిగుమతయ్యే పల్లపు ఊళ్లలోని కొనుగోలుదారు, అందులోనూ ఇంటర్ చదివే కుర్రాడు, ఇంకా పాత్రగా రావలసి ఉంది.